ఆగిన గుండె కొట్టుకున్నాక మెదడు మేలుకునే తీరు

హఠాత్తుగా ఆగిన గుండెను మళ్లీ కొట్టుకునేలా చేయడం ఒక పని, ఆ మనిషికి తెలివి రావడం వేరే పని. మొదటిది నిమిషాల్లో తేలిపోతుంది. ఛాతీ నొక్కినందుకో, విద్యుత్ షాక్ ఇచ్చినందుకో గుండె స్పందిస్తుంది, నాడి అందుతుంది, వెంటిలేటర్ మీద ఊపిరి సాగుతుంది. రెండోది తేలడానికి గంటలు, రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నాడి తిరిగి దొరికినవారిలో ఎక్కువమంది ఆస్పత్రి చేరేసరికి కోమాలోనే ఉంటారు. పిలిస్తే పలకరు, గట్టిగా గిచ్చినా కళ్లు తెరవరు. ఆస్పత్రి బయట గుండె ఆగి, ప్రాణంతో ఐసీయూ దాకా వచ్చి, ఆ తరువాత చనిపోయేవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందిని బలిగొనేది గుండె జబ్బు కాదు, మెదడుకు తగిలిన దెబ్బ.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కావు. గుండెపోటులో ఒక రక్తనాళం మూసుకుపోయి గుండె కండరంలో కొంత భాగానికి రక్తం అందదు. రోగి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, నొప్పి ఎక్కడుందో చెప్పగలడు. గుండె ఆగిపోతే ఒంటికంతటికీ రక్తం నిలిచిపోతుంది, మనిషి క్షణాల్లో కుప్పకూలుతాడు. గుండెపోటు దానికి దారి తీయవచ్చు. గుండె లయ తప్పే జబ్బులు, నీట మునగడం, ఊపిరాడకపోవడం, కరెంటు షాక్ కూడా దారి తీయవచ్చు.

కారణం ఏదైనా ఆ తరువాత మెదడులో జరిగే రసాయన క్రమం దాదాపు ఒకటే. అందులో ఒక వైరుధ్యం ఉంది. మనిషిని తెలివిలో ఉంచే రసాయనాలే రక్తం ఆగిన వేళ మెదడు కణాలను చంపుతాయి. కాపాడే మందు దొరకడం ఎందుకింత కష్టమైందో, మేలుకోవడం ఎందుకింత నెమ్మదిగా జరుగుతుందో ఈ వైరుధ్యం తెలిస్తే బోధపడుతుంది.

నిల్వ లేని అవయవం

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, ఒంటి బరువులో 2 శాతం. అయినా విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో 20 శాతం దానికే కావాలి. కాలేయంలోనూ కండరాల్లోనూ చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. మెదడులో ఆ నిల్వ బహు స్వల్పం, ఆక్సిజన్ నిల్వ అసలే లేదు. అందుకే ప్రతి 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పారుతూనే ఉండాలి. అది 20కి పడిపోతే నాడీకణాల విద్యుత్ సంకేతాలు ఆగిపోతాయి. 10కి పడిపోతే కణాలు తమ పొరలను కూడా నిలుపుకోలేవు. గుండె ఆగినప్పుడు ఈ ప్రవాహం సున్నాకు చేరుతుంది.

1943లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో యువకుల మెడ చుట్టూ పట్టీ బిగించి మెదడుకు రక్తం ఆపారు. నేటి నీతి నియమాలు ఒప్పుకోని ప్రయోగమది. సుమారు 7 సెకన్లలోనే వారు స్పృహ తప్పారు. గుండె ఆగినప్పుడు కూడా స్పృహ ఇంచుమించు అంతే వేగంగా పోతుంది. అర నిమిషం గడిచేసరికి మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీలో గీత చదునైపోతుంది.

ఈ నిశ్శబ్దం ఇంధనం పూర్తిగా అయిపోయినందువల్ల వచ్చేది కాదు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు అప్పటికి ఇంకా మిగిలే ఉంటాయి. ఏటీపీ విరిగినకొద్దీ అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. మామూలు రోజున పొద్దు పోయేకొద్దీ నిద్ర ముంచుకొచ్చేలా చేసేవాటిలో ఇదొకటి. కాఫీలోని కెఫీన్ దీనికే అడ్డుపడుతుంది. రక్తం ఆగినప్పుడు అడెనోసిన్ నాడీకణాల మధ్య సంకేతాలను తగ్గిస్తుంది, దానితోపాటు పొటాషియం మార్గాలు తెరుచుకుని కణాలను శాంతింపజేస్తాయి. ఖర్చు తగ్గించుకుని ఉన్న ఇంధనంతో మరికొంతసేపు నిలవడానికి మెదడు తనంతట తానే పని ఆపుకుంటుందన్నమాట. ఈ దశలో రక్తం తిరిగి వస్తే కణాలు క్షేమంగా కోలుకుంటాయి.

పంపులు ఆగినప్పుడు

మరికొన్ని నిమిషాలకు ఏటీపీ అడుగంటుతుంది. అసలు విధ్వంసం అప్పుడు మొదలవుతుంది.

నాడీకణం పొరకు లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. కాల్షియం బయట ఉన్నదానిలో లోపల పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. ఈ తేడాలే కణానికి విద్యుత్తు, ఈ తేడాలే ఆలోచనకు ఆధారం. సోడియం సందు దొరికితే లోపలికి కారుతుంది, పొటాషియం బయటికి కారుతుంది. పొరలోని పంపులు ఏటీపీని ఖర్చుపెట్టి వాటిని అనుక్షణం వెనక్కి తోడుతుంటాయి. మెదడు ఇంధనంలో దాదాపు సగం ఇలా తోడడానికే పోతుంది. చిల్లు పడవలో నీళ్లు తోడిపోసేవాడు చేయి ఆపితే పడవ మునిగినట్టే, ఏటీపీ లేక పంపులు ఆగితే కణం మునుగుతుంది.

పొటాషియం కణాల బయటికి వరదలా వస్తుంది. సోడియం, దానితో నీరు లోపలికి చొరబడి కణం ఉబ్బుతుంది. కణపొర విద్యుదావేశం ఒక్కసారిగా కుప్పకూలి, ఆ కూలడం అలలా పక్క కణాలకు పాకుతుంది. ఇలాంటి అలను బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టీడిస్ లెయావ్ 1944లో కుందేళ్ల మెదడులో మొదటిసారి వర్ణించాడు. మరణ సమయంలో మనిషి మెదడులోనూ అది పాకుతుందని బెర్లిన్‌కు చెందిన యెన్స్ డ్రైయర్ బృందం 2018లో నమోదు చేసింది. అల పాకినంత మాత్రాన కణం చచ్చినట్టు కాదు. త్వరగా రక్తం అందితే పంపులు మళ్లీ తోడడం మొదలుపెడతాయి. అయితే గడువు అక్కడినుంచి వేగంగా తరుగుతుంది.

ఆ గడువును మింగేసేది గ్లుటమేట్. మెదడులో ఒక కణం మరో కణాన్ని ఉత్తేజపరిచేందుకు అన్నిటికన్నా ఎక్కువగా వాడే రసాయనం ఇదే. చూపు, మాట, జ్ఞాపకం అన్నీ దీనిమీదే నడుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మెదడులో గ్లుటమేట్ చుక్కంత విడుదలై, పని కాగానే పక్కనున్న ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల్లోకి వెళ్లిపోతుంది. ఇలా పీల్చుకునే యంత్రాంగం సోడియం తేడా మీద ఆధారపడి నడుస్తుంది. ఆ తేడా చెరిగిపోగానే యంత్రాంగం ఎదురు తిరిగి, లోపలి గ్లుటమేట్‌ను బయటికి కుమ్మరిస్తుంది. 1984లో ఎలుకల మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో సన్నని గొట్టం పెట్టి కొలిచినప్పుడు, 10 నిమిషాలు రక్తం ఆపితే కణాల బయట గ్లుటమేట్ సుమారు 8 రెట్లు పెరిగింది.

ఇంత గ్లుటమేట్ మీద పడగానే ఎన్ఎండీఏ గ్రాహకాలనే ద్వారాలు తెరుచుకుంటాయి. మామూలప్పుడు వాటికి మెగ్నీషియం అడ్డంగా ఉంటుంది. కణం విద్యుదావేశం కూలిపోగానే ఆ అడ్డు తొలగి, కాల్షియం లోపలికి విరుచుకుపడుతుంది. కొద్దిగా వచ్చే కాల్షియం జ్ఞాపకాలను పదిలపరిచే సంకేతం. హద్దు మీరి వస్తే ప్రోటీన్లను, కొవ్వులను, డీఎన్ఏను కత్తిరించే ఎంజైములను నిద్రలేపుతుంది. అతిగా ఉత్తేజపరిచి చంపే ఈ తీరుకు 1969లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఓల్నీ ఎక్సైటోటాక్సిసిటీ అని పేరు పెట్టాడు. ఆక్సిజన్ లేని వేళ చక్కెర సగంలోనే విరిగి లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్ల కణాల్లో ఆమ్లత్వం పెరిగి నష్టాన్ని మరింత పెంచుతుంది.

రక్తం తిరిగి వచ్చాక

గుండె మళ్లీ కొట్టుకుంటే నష్టం అంతటితో ఆగిపోతుందని తోస్తుంది. అలా జరగదని మాస్కోలో పునరుజ్జీవన వైద్యానికి పునాది వేసిన వ్లదీమిర్ నెగోవ్‌స్కీ 1972లో స్పష్టంగా చెప్పాడు. గుండె కొట్టుకున్నాక మొదలయ్యే అనారోగ్యాన్ని ఆయన ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించాడు.

తిరిగి వచ్చిన ఆక్సిజన్ కణాల్లో ఏటీపీని తయారుచేసే, అప్పటికే దెబ్బతిన్న మైటోకాండ్రియాలో చేరి ఫ్రీ రాడికల్స్ అనే తీక్షణమైన అణువులను పుట్టిస్తుంది. అవి కణపొర కొవ్వులను కాల్చివేస్తాయి. కాల్షియంతో నిండిపోయిన మైటోకాండ్రియా పొరలకు రంధ్రాలు పడి, సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి వచ్చి, కణం తనను తాను చంపుకునే కార్యక్రమాన్ని మొదలుపెడుతుంది. సన్నని రక్తనాళాలు కొన్ని మూసుకుపోయి, గుండె కొట్టుకుంటున్నా మెదడులో అక్కడక్కడ రక్తం పారదు. మరోవైపు కణాల ఉబ్బు వల్ల పుర్రె లోపలి ఒత్తిడి పెరగవచ్చు. మూర్ఛలు వస్తే, కుదుటపడుతున్న కణాల మీద గ్లుటమేట్ భారం మళ్లీ పడుతుంది.

ఈ జబ్బులో సమయం ఎంత కీలకమో జపాన్‌కు చెందిన తకాకి కిరినో 1982లో చూపించాడు. జెర్బిల్ అనే చిన్న ఎలుక జాతి జంతువుల మెదడుకు 5 నిమిషాలు మాత్రం రక్తం ఆపి వదిలాడు. మొదటి రోజు హిప్పోకాంపస్ కణాలు సూక్ష్మదర్శినిలో దాదాపు మామూలుగానే కనిపించాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజుకల్లా వాటిలో అత్యధిక భాగం నశించింది. దెబ్బ తగిలిన క్షణానికీ కణం చనిపోయే క్షణానికీ మధ్య రోజుల ఎడం ఉంటుందని దీనితో తేలింది. చికిత్సకు సందు ఉందన్న ఆశకు పునాది ఇదే. రోగి స్థితి మొదటి రోజునే తేల్చి చెప్పలేకపోవడానికీ ఇదొక కారణం.

ముందుగా పోయే కణాలు

రక్తం ఆగినప్పుడు మెదడంతా ఒకేలా దెబ్బతినదు. జ్ఞాపకాలను అల్లే హిప్పోకాంపస్‌లోని సీఏ1 కణాలు అన్నిటికన్నా ముందు పోతాయి. చిన్నమెదడులోని పుర్కింజే కణాలు, మెదడు పైపొర కార్టెక్స్‌లోని మూడో, అయిదో వరుసల కణాలు, లోతుగా ఉండే స్ట్రయేటంలోని కణాలు ఆ తరువాత. వీటిలో చాలావాటి మీద గ్లుటమేట్ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి, ఇంధనం ఖర్చూ ఎక్కువే. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం మాత్రం పెద్దవారిలో చాలాసేపు ఓర్చుకుంటుంది.

ఈ తేడా వల్లనే ఐసీయూలో కుటుంబాన్ని తీవ్రంగా కలవరపెట్టే దృశ్యం ఎదురవుతుంది. ఊపిరినీ, కనుపాప కదలికనూ, దగ్గునూ నడిపేది మెదడు కాండం. అది పనిచేస్తుంటే రోగి సొంతంగా ఊపిరి తీసుకోవచ్చు, కొన్ని రోజులకు కళ్లు కూడా తెరవవచ్చు. అయినా కార్టెక్స్, దానికి సంకేతాలు చేరవేసే థలమస్ దెబ్బతిని ఉంటే ఆ కళ్ల వెనక ఎరుక ఉండకపోవచ్చు.

మెలకువను నిలిపే రసాయనాలు

మెలకువ, ఎరుక రెండూ వేరు. కళ్లు తెరిచి లేచి ఉండడం మెలకువ. తననూ పరిసరాలనూ తెలుసుకోవడం ఎరుక. మెలకువ లేకుండా ఎరుక ఉండదు, ఎరుక లేకుండా మెలకువ ఉండగలదు.

మెలకువకు మూలం మెదడు కాండంలో ఉందని 1949లో జుసెప్పే మొరూట్సీ, హోరస్ మగూన్ నిరూపించారు. మత్తులో ఉన్న పిల్లి మెదడు కాండాన్ని విద్యుత్తుతో ప్రేరేపించగానే కార్టెక్స్‌లోని మందమైన తరంగాలు, మేలుకున్న జీవిలో ఉండే చురుకైన తరంగాలుగా మారాయి. ఆ మెలకువ వ్యవస్థ ఒక్క రసాయనంతో నడవదని తరువాతి దశాబ్దాలు తేల్చాయి.

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న నీలిరంగు గుత్తి ఉంది. కొన్ని పదివేల కణాలే ఉన్నా, మెదడంతటా నార్‌అడ్రినలిన్ చల్లుతుంది. దాని దగ్గర్లోనే ఉన్న రాఫే కణాలు సెరొటోనిన్ పంపుతాయి. అసిటైల్‌కోలిన్ రెండు చోట్ల నుంచి వస్తుంది. మెదడు కాండం నుంచి థలమస్‌కు, మెదడు ముందుభాగపు అడుగు నుంచి కార్టెక్స్‌కు. మధ్యమెదడు నుంచి డోపమిన్ వస్తుంది. హైపోథలమస్ వెనక భాగం నుంచి హిస్టమిన్ వస్తుంది. జలుబుకు వేసుకునే పాత రకం అలర్జీ మాత్రలు మత్తు తెప్పించేది ఈ హిస్టమిన్‌ను అడ్డుకోవడం వల్లనే. ఈ అన్నిటినీ కలిపి నిలకడగా ఉంచే ఒరెక్సిన్‌ను 1998లో కనుగొన్నారు. దాన్ని తయారుచేసే కణాలు పోయినవారికి పట్టపగలు ఆగకుండా నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ వస్తుంది.

ఈ రసాయనాలేవీ సంగతులను స్వయంగా మోయవు. అవి థలమస్‌నూ కార్టెక్స్‌నూ సంగతులు మోయడానికి సిద్ధపరుస్తాయి. మోసేది గ్లుటమేట్, కణాలను శాంతింపజేసి అదుపులో ఉంచేది గాబా అనే మరో రసాయనం. గుండె ఆగిన తరువాతి కోమాలో సాధారణంగా మెదడు కాండంలోని గుత్తులు కొంతవరకు మిగిలే ఉంటాయి. అవి పిలిచినా పలకడానికి పైన కణాలు చాలినన్ని లేకపోవడమో, ఉన్నా ఒకదానితో ఒకటి కలవలేకపోవడమో జరుగుతుంది.

కోమా నుంచి మెట్లు

కోమా సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి కొనసాగదు. ఆలోగా రోగి మరణించవచ్చు, మేలుకోవచ్చు, లేదా కళ్లు తెరిచినా ఎరుక లేని స్థితికి చేరవచ్చు. ఆ మూడో స్థితికి 1972లో బ్రయన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ వెజిటేటివ్ స్టేట్ అని పేరు పెట్టారు. ఎరుక ఉన్న ఆనవాళ్లు నిలకడ లేకుండా కనిపించే స్థితిని 2002 నుంచి కనీస స్పృహ స్థితి అంటున్నారు. చూపుతో మనిషిని వెంబడించడం, చెప్పిన పనిని అప్పుడప్పుడు చేయడం దాని గుర్తులు.

ఈ మెట్లకు రసాయన వివరణను అమెరికా నాడీవైద్యుడు నికోలస్ షిఫ్ సూచించాడు. మధ్య థలమస్ కార్టెక్స్‌ను చురుగ్గా ఉంచుతుంది. ఆ థలమస్‌ను పాలిడం అనే భాగం గాబాతో అణచి ఉంచుతుంది. స్ట్రయేటం ఆ పాలిడాన్ని అణచి, థలమస్‌కు వెసులుబాటు ఇస్తుంది. స్ట్రయేటం కణాలు పనిచేయాలంటే కార్టెక్స్ నుంచి గ్లుటమేట్, మధ్యమెదడు నుంచి డోపమిన్ రెండూ దండిగా అందాలి. రక్తం ఆగిన దెబ్బకు స్ట్రయేటం మూగబోతే పాలిడానికి అడ్డు ఉండదు, అది థలమస్‌ను అణగదొక్కేస్తుంది. థలమస్ అణగిపోతే కార్టెక్స్ మందగిస్తుంది, కార్టెక్స్ మందగిస్తే స్ట్రయేటానికి అందే గ్లుటమేట్ ఇంకా తగ్గుతుంది. చనిపోని కణాలు కూడా ఇలా నిశ్శబ్దంలో చిక్కుకుపోవచ్చు.

ఈ వలయాన్ని తెంచవచ్చని సూచించే సాక్ష్యాలు కొన్ని ఉన్నాయి. డోపమిన్ ప్రభావాన్ని పెంచే అమాంటడిన్ మందును తలకు గాయమై ఎరుక కోల్పోయిన 184 మందిలో పరీక్షించిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. మందు తీసుకున్నవారు ఆ నాలుగు వారాల్లో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికన్నా వేగంగా కోలుకున్నారు. నిద్రమాత్ర జోల్పిడెమ్ వేసినప్పుడు, ఏళ్లుగా స్పందించని కొందరు కాసేపు మాట్లాడిన ఉదంతాలు 2000 నుంచి నమోదయ్యాయి. గాబా గ్రాహకాల ద్వారా పాలిడాన్ని శాంతింపజేయడం వల్ల ఇలా జరుగుతుందన్నది ఒక వివరణ. 2014లో 84 మందిని పద్ధతి ప్రకారం పరీక్షిస్తే స్పష్టంగా స్పందించింది నలుగురే. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం తలకు గాయమైనవారి మీద జరిగింది. గుండె ఆగిన తరువాత కణనష్టం మరింత విస్తారంగా ఉంటుంది కనుక వాటి ఫలితాలను యథాతథంగా ఇటు తేకూడదు.

మందుల వేట, చల్లదనం

కారకులెవరో తెలిశాక మందు కోసం వేట మొదలైంది. మెదడు ఖర్చును తగ్గించే థయోపెంటాల్‌ను కోమాలో ఉన్న 262 మందిలో పరీక్షించి 1986లో ఫలితం ప్రకటించారు. ప్రయోజనం కనిపించలేదు. కాల్షియం ద్వారాలను మూసే లిడోఫ్లజీన్‌తో 1991లోనూ, మెగ్నీషియం, డయాజిపామ్‌తో 2002లోనూ అదే అనుభవం. మూర్ఛ తరంగాలను గట్టిగా అణచితే మేలు జరుగుతుందేమోనని నెదర్లాండ్స్, బెల్జియంలలో 172 మంది మీద చేసిన పరిశోధన 2022లో వెలువడింది. ఫలితంలో తేడా తేలలేదు.

ఇందుకు కారణాలు ఆ రసాయన క్రమంలోనే ఉన్నాయి. గ్లుటమేట్ వరద నాడి దొరకకముందే వచ్చి పోతుంది, మందు మాత్రం ఆ తరువాతే ఎక్కుతుంది. చంపే దారులు అనేకం, ఒకటి మూసినా మిగతావి తెరిచే ఉంటాయి. గ్లుటమేట్‌నూ కాల్షియాన్నీ పూర్తిగా అడ్డుకుంటే కోలుకుంటున్న కణాలకు బతకడానికి కావలసిన సంకేతాలు కూడా ఆగిపోతాయి.

అన్ని దారులనూ ఒకేసారి మందగింపజేసేది చల్లదనం. ఒంటి వేడి ఒక్క డిగ్రీ సెల్సియస్ తగ్గితే మెదడు ఇంధన ఖర్చు సుమారు 6 శాతం తగ్గుతుంది. 1999లో నార్వేలో మంచు కింద ప్రవాహంలో 80 నిమిషాలు చిక్కుకున్న ఒక యువ వైద్యురాలి శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది. ట్రోమ్సో ఆస్పత్రిలో ఆమె రక్తాన్ని యంత్రంతో వేడిచేస్తూ గుండెను తిరిగి నడిపించారు. ఆమె మెదడు దాదాపు పూర్తిగా కోలుకుంది. అక్కడ చల్లదనం గుండె ఆగకముందే మెదడుకు చేరింది.

గుండె కొట్టుకున్నాక చల్లబరచడం మీద 2002లో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. యూరప్‌లో 275 మంది మీద చేసిన దానిలో 32 నుంచి 34 డిగ్రీలకు చల్లబరిచినవారిలో 55 శాతం మంది, మిగతావారిలో 39 శాతం మంది మెదడు బాగుండి బయటపడ్డారు. ప్రపంచమంతటా ఐసీయూలు చల్లబరచడం మొదలుపెట్టాయి. 2013లో 33 డిగ్రీలకూ 36 డిగ్రీలకూ తేడా లేదని తేలింది. 2021లో సుమారు 1,850 మందిని పోల్చినప్పుడు, 33 డిగ్రీలకు చల్లబరచడం వల్ల జ్వరం రాకుండా చూడడంకన్నా ఎక్కువ మేలు జరగలేదు. నేటి ఆచరణలో అందరూ ఒప్పుకునేది ఒకటే. దెబ్బతిన్న మెదడుకు జ్వరం తగలనివ్వకూడదు.

ఇంతకన్నా బలమైన సాధనం మొదటి నిమిషాల్లో దొరికే రక్తప్రవాహం. గుండె లయ చెదిరి ఆగినవారికి ఏ సాయమూ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరుగుతుంది. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కితే మామూలు రక్తప్రవాహంలో నాలుగో వంతో, మూడో వంతో అందుతుంది. చాలా కణాల్లో పంపులు ఆగిపోకుండా ఉండడానికి అది సరిపోవచ్చు. మందులు చేరలేని ఆ గడువులోకి చేరగలిగేది పక్కనున్న మనిషి చేతులే. హైదరాబాద్‌లో 2005లో మొదలైన 108 సేవ తెలుగు జిల్లాలన్నిటికీ విస్తరించినా, వాహనం వచ్చేలోపు నొక్కేవారు లేకపోతే ఆ నిమిషాలు మెదడుకు దక్కవు.

ఎవరు మేలుకుంటారో చెప్పడం

మేలుకునేవారిలో ఎక్కువమంది మొదటి వారంలోనే మేలుకుంటారు. ఆ తరువాత మేలుకునేవారూ ఉన్నారు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఇచ్చే మిడజోలామ్, ఫెంటనిల్, ప్రొపోఫోల్ వంటి మత్తుమందులు దెబ్బతిన్న కాలేయం, మూత్రపిండాల వల్ల ఒంట్లో చాలాసేపు నిలుస్తాయి. చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తాయి. మత్తును కోమాగా పొరబడే ప్రమాదం ఇక్కడే. తొందరపడి ఆశ లేదని తేల్చి వెంటిలేటర్ తొలగిస్తే, ఆ మాట దానంతట అదే నిజమైపోతుంది. అందుకే 2021లో యూరప్ వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మత్తు దిగిందని నిర్ధారించుకుని, కనీసం 72 గంటలు ఆగి, ఏ ఒక్క పరీక్ష మీదా ఆధారపడకుండా అంచనా వేయాలి.

ఆ పరీక్షల్లో ఒక్కొక్కటీ మెదడులో ఒక్కో మెట్టును అడుగుతుంది. కనుపాప వెలుగుకు ముడుచుకోవడం, కంటి పైపొర తాకితే రెప్ప కొట్టుకోవడం మెదడు కాండాన్ని పరీక్షిస్తాయి. మణికట్టు నరాన్ని ప్రేరేపించి 20 మిల్లీసెకన్లకు కార్టెక్స్‌లో సంకేతం వస్తుందేమో చూసే పరీక్ష, దారి పై దాకా తెరిచి ఉందో లేదో చెబుతుంది. రెండు వైపులా ఆ సంకేతం లేకపోతే కోలుకోవడం చాలా అరుదు. ఈఈజీలో తరంగాలు పూర్తిగా అణగి ఉన్నాయా, బయటి శబ్దానికి మారుతున్నాయా అన్నది కార్టెక్స్ స్థితిని తెలుపుతుంది. చనిపోతున్న నాడీకణాల నుంచి రక్తంలోకి కారే ఎన్ఎస్ఈ అనే ఎంజైము 48 గంటలకో 72 గంటలకో లీటరుకు 60 మైక్రోగ్రాములు దాటితే నష్టం తీవ్రమని అనుమానించాలి. ఎమ్మారై మెదడు వాపును, కణనష్టాన్ని చూపుతుంది.

కదలని రోగి వినడం లేదని కూడా వెంటనే అనుకోకూడదు. మెదడుకు రకరకాల కారణాలతో దెబ్బ తగిలి, చెప్పిన పని చేయని 104 మందిని 2019లో ఈఈజీతో పరీక్షించారు. చేయి కదపమని చెప్పినప్పుడు 16 మంది మెదడులో ఆజ్ఞ అందుకున్న ఆనవాళ్లు కనిపించాయి. రోగి పక్కన మాట్లాడేవారు ఆయన వింటున్నారనే భావించి మాట్లాడాలన్న పాత ఆచారానికి ఇది శాస్త్రం ఇచ్చిన బలం.

మేలుకున్నాక

మేలుకోవడం ఒక్క క్షణంలో జరిగే పని కాదు. మొదట నిద్ర, మెలకువల చక్రం తిరిగి వస్తుంది, తరువాత చూపు నిలుస్తుంది, ఆపైన చెప్పిన మాట అర్థమవుతుంది, చివరికి మాట వస్తుంది. తొలి రోజుల్లో కలవరింత, గందరగోళం సహజం.

మిగిలే లోపాలు ఏ కణాలు పోయాయన్నదాన్ని బట్టి ఉంటాయి. హిప్పోకాంపస్ దెబ్బతిన్నవారికి పాత సంగతులు గుర్తుంటాయి కాని పొద్దున వచ్చి వెళ్లిన చుట్టం గుర్తుండడు. నిదానంగా ఆలోచించడం, త్వరగా అలసిపోవడం, దిగులు చాలామందిలో నెలల తరబడి ఉంటాయి. కొందరు పూర్తి తెలివితో ఉన్నా, ఏదైనా అందుకోబోతే చేయి ఉలిక్కిపడి కొట్టుకుంటుంది. ఈ స్థితిని 1963లో జేమ్స్ లాన్స్, రేమండ్ ఆడమ్స్ వర్ణించారు. సెరొటోనిన్ కొరత దీనికి కొంత కారణమని, దాని ముడిపదార్థాన్ని ఇస్తే కొందరిలో కుదుపు తగ్గుతుందని 1970ల్లో తేలింది. ఈ కుదుపును తొలి రోజుల్లో ఎడతెగకుండా వచ్చే, ఎక్కువసార్లు చెడు సూచన అయ్యే కుదుపుతో కలిపి చూడకూడదు. మొదటిది వచ్చినవారు మేలుకున్నవారు, మందుతో మెరుగయ్యేవారు.

కణాలు ఎంతసేపు నిలవగలవన్న ప్రశ్నకు కూడా జవాబు మారుతోంది. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలో నెనాద్ సెస్తాన్ బృందం, కబేళా నుంచి తెచ్చిన 32 పందుల మెదళ్లలోకి మరణించిన నాలుగు గంటలకు ప్రత్యేక ద్రవాన్ని పారించింది. కణాలు చక్కెరను వాడుకున్నాయి, రక్తనాళాలు స్పందించాయి. మెదడంతా కలిసి పనిచేసే విద్యుత్ చర్య మాత్రం రాలేదు, అతి ఉత్తేజాన్ని అణచే మందులు ఆ ద్రవంలోనే ఉన్నాయి. ఆ ప్రయోగం స్పృహను తేలేదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలన్నీ తప్పక చచ్చిపోతాయన్న పాత నమ్మకాన్ని మాత్రం సడలించింది. కణాలు బతికి ఉండడం, అవి కలిసి మనిషిని మేల్కొలపడం రెండు వేర్వేరు మెట్లు. మొదటి మెట్టును కాపాడేది తొలి నిమిషాల రక్తప్రవాహం. రెండో మెట్టుకు కావలసినవి జ్వరం లేని ఒళ్లు, అదుపులో ఉన్న మూర్ఛలు, దిగిన మత్తు, తొందరపడని తీర్పు, నెలల పాటు సాగే పునరావాసం.